ఆరున్నొకటి

పొద్దున్న ఆరున్నర. బయట ఫారెన్‌హీట్‌లో పదకొండు డిగ్రీల చలి. రాత్రంతా కురిసిన మంచు తెల్లారేసరికి తెరిపిచ్చింది. నోవైలో ఫిబ్రవరి నెల.

రేణు పాలు స్టవ్ మీద పెట్టి వంటింటి కిటికీ బ్లైండ్స్ పైకి లాగింది. పొద్దున్నే మొదట చేసే పని అదే. వెనక పెరట్లో అడుగులు పడి ఉన్నాయి. పొడుగాటి అంగలు. ఒక్కొక్క అడుగులో సాకర్ బూటు గుబ్బలు విడివిడిగా దిగాయి. డెక్ పక్కనుంచి వచ్చి, ఏసీ డబ్బా చుట్టూ తిరిగి, పక్కింటి కొవాల్స్కీ గారి పెరట్లోకి వెళ్ళిపోయాయి.

"వచ్చిందా?" అన్నాడు శ్యామ్‌సుందర్ మెట్లు దిగుతూ.

"వచ్చి వెళ్ళింది."

"ఎన్ని రౌండ్లు?"

"ఒక్కటే."

పోయిన వారం మూడు రౌండ్లు కొట్టేది. అంతకు ముందు వారం అయిదు. అది వాళ్ళమ్మాయి దేదీప్య పరుగు. అక్టోబర్‌లో మోకాల్లో లిగమెంట్ తెగిన రోజున ఒంట్లోంచి బయటపడింది. ఇంకా బయటే ఉంది.

"వస్తది లే. ఆకలైతే అదే వస్తది," అన్నాడు శ్యామ్.

"అది పిల్లి కాదు."

ఆయనది వరంగల్, పని కార్ల బ్రేకులకి సాఫ్ట్‌వేర్ రాయడం. దెబ్బ తగిలిన కొత్తల్లో సర్జన్‌ని అడిగాడు: బ్రేకు వేస్తే బండి మొత్తం ఆగాలి కదా, సగం ఆగి సగం పోవడం ఏం డిజైనండీ అని. సర్జన్ నవ్వి, పరుగు సంగతి ఫిజికల్ థెరపీ వాళ్ళు చూసుకుంటారన్నాడు.

పై నుంచి దేదీప్య దిగుతోంది. తిరిగి చూడక్కర్లేదు, చప్పుడే చెప్తుంది. ఎడమ కాలు టక్కున దిగుతుంది. కుడి కాలు ఆలోచించుకుని దిగుతుంది. పదహారేళ్ళ పిల్ల. ఆపరేషన్ అయి మూడు నెలలు దాటింది. కుట్లు మానాయి. మోకాలు మడవడం వచ్చింది, చాచడం రాలేదు. ఎంత చాచి పడుకున్నా మోకాలి కింద అరచెయ్యి దూరేంత సందు. ఆ సందు ఉన్నంతకాలం కుంటు ఉంటుంది. కుంటు ఉన్నంతకాలం ఆ పరుగుకి ఇంట్లో చోటుండదు.

"పడుకో," అంది రేణు.

"స్కూల్‌కి లేట్ అవుతుంది."

"అవదు."

ఫ్యామిలీ రూమ్‌లో మ్యాట్ ఎప్పుడూ పరిచే ఉంటుంది. మడమ కింద టవల్ చుట్ట పెట్టాలి. మోకాలిని తన బరువుకి తనే కిందికి దిగనివ్వాలి. తొడ బిగించి పది లెక్కపెట్టాలి. అలా పది సార్లు. రోజుకి ఆరు విడతలు.

రేణు పక్కన చతికిలబడి లెక్కపెట్టింది. "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది, తొమ్మిది, పది. వదులు."

వాళ్ళమ్మ డబ్బాతో బియ్యం కొలిచేటప్పుడు అలాగే లెక్కపెట్టేది. మొదటి డబ్బాకి ఒకటి అనదు, లాభం అంటుంది. రేణు నోటికి అదే అలవాటైపోయింది. బియ్యమైనా, ఇడ్లీలైనా, మోకాలైనా.

"ఎంత దిగింది?" అంది దేదీప్య పైకప్పు చూస్తూ.

"దిగింది."

"అబద్ధం."

నిజమే. నిన్న ఎంతో ఇవాళా అంతే. దేదీప్య లేచి, సీరియల్ గిన్నె చేత్తో పట్టుకుని, నిలబడే తిని, శ్యామ్ కారెక్కి వెళ్ళిపోయింది. టవల్ చుట్ట మ్యాట్ మీదే ఉంది. రేణు దాన్ని విప్పి, దులిపి, మళ్ళీ చుట్టింది.

*

డ్రైవ్‌వే మీద మంచు తోస్తుంటే పక్కింటి కొవాల్స్కీ గారు చేతిలో టేపు పట్టుకుని వచ్చాడు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. ముప్పై ఏళ్ళు కార్ల ఫ్యాక్టరీలో రంగులేసి రిటైరయ్యాడు.

"మీ పిల్ల పరుగు మళ్ళీ నా పూల మొక్కల్లోంచి పోయింది."

"సారీ," అంది రేణు.

"సారీ ఎందుకు? కొలిచాను. అంగకీ అంగకీ మధ్య ఆరడుగుల పైన. దీన్ని బయట వదిలేస్తారా ఎవరైనా?"

"మేం వదల్లేదు. రావట్లేదు."

ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "నాదీ అంతే. డెబ్బై నాలుగులో, హైస్కూల్ ఫుట్‌బాల్‌లో. ఆ చలికాలమంతా మా నాన్న ఇంటి చుట్టూ తిరిగింది. మేమూ వస్తుందిలే అనుకున్నాం. మార్చిలో మంచు కరిగింది. అడుగులు పోయాయి. వచ్చిన దారి కనపడకపోతే దానికి మాత్రం ఇల్లెలా తెలుస్తుంది? తర్వాత ఒహాయోలో ఎవరో చూశామన్నారు."

రేణు పార ఆపింది.

"బుధవారం వర్షమట," అన్నాడాయన. "నలభై ఎనిమిది డిగ్రీలు. అంతా కరుగుతుంది." తల ఊపి, తన ఇంటి వైపు నడిచాడు. ఆయన నడక గట్టిగానే ఉంటుంది. పరిగెత్తడం మాత్రం ఈ వీధిలో ఎవరూ చూడలేదు.

అది సోమవారం.

*

రేణు ఒక్క సంగతి ఎవరికీ చెప్పలేదు. శ్యామ్‌కి కూడా.

అక్టోబర్‌లో శనివారం. క్లబ్ మ్యాచ్. తల్లిదండ్రులంతా గీత బయట మడత కుర్చీల్లో కూర్చుని "గో, గో" అని గొంతులు చించుకుంటున్నారు. రేణు అరిచే మనిషి కాదు. పదేళ్ళుగా ఏ మ్యాచ్‌లోనూ నోరు విప్పలేదు. ఆ రోజు దేదీప్య బంతి తీసుకుని దూసుకుపోతోంది. అవతలి గోల్‌కీపర్ నిలువెత్తు పిల్ల, పిడుగులా ఎదురొస్తోంది. రెండు తలలూ గుద్దుకోవడం రేణుకి ముందే కళ్ళ ముందు కనపడింది. మాట నోరు జారింది.

"ఆగు!"

ఆ మైదానంలో ఆ మాట తెలిసిన ఆటగత్తె ఒక్కతే. ఆ ఒక్కతీ విన్నది. కుడి కాలు నేలలో పాతుకుంది. మోకాలు టప్పుమంది. ఒళ్ళు ఆగింది. పరుగు ఆగలేదు. గోల్‌కీపర్ పక్కనుంచి, గోల్ వెనకనుంచి, పార్కింగ్ లాట్ మీదుగా వెళ్ళిపోయింది. అది ఆఫ్‌సైడా కాదా అని రిఫరీ కాసేపు ఆలోచించాడు కూడా.

ఎవరూ తగల్లేదు, తనంతట తనే తెగింది అని డాక్టర్ కాగితం మీద రాశాడు. రేణు ఆ కాగితం రెండుసార్లు చదివి, మడిచి, డ్రాయర్లో అడుగున పెట్టింది. దేదీప్య కూడా ఆ మాట ఎత్తలేదు. ఏడవనూ లేదు. అంబులెన్స్‌లో ఏడవలేదు, ఆపరేషన్ రోజున ఏడవలేదు, తన జెర్సీ నంబర్ వేసుకుని టీమ్‌లోని తార ఆడుతోందని తెలిసిన రోజునా ఏడవలేదు. "ఐయామ్ ఫైన్" అంది. చూడ్డానికొచ్చిన వాళ్ళంతా, "మీ అమ్మాయి ఎంత స్ట్రాంగండీ" అన్నారు. రేణు వాళ్ళకి కాఫీ ఇచ్చింది.

అప్పట్నుంచే ఆమెకి ఈ లెక్క పట్టుకుంది. సాయంత్రం కాగానే ముందు కిటికీ దగ్గర నిలబడుతుంది. శ్యామ్ కారు వస్తే లాభం. అందులోంచి దేదీప్య దిగితే రెండు. మూడు నోట్లోనే ఉండిపోతుంది. అడుగులు పేవ్‌మెంట్ దాకా వచ్చి వెనక్కి తిరుగుతాయి.

*

మంగళవారం నాలుగింటికి థెరపీ. పిజ్జా షాపుకీ గోళ్ళ సెలూన్‌కీ మధ్య ఉంటుంది ఆ క్లినిక్. థెరపిస్టు పేరు అవని. పక్క ఊళ్ళో, ట్రాయ్‌లో పుట్టి పెరిగిన తెలుగుపిల్ల. మొదటి రోజు రేణు, "మెడిసిన్ సీటు రాలేదా అమ్మా?" అని అడిగింది. "ఆంటీ, ఇది కూడా డాక్టరేటే. డోంట్ వర్రీ, మా అమ్మ కూడా ఇంకా నమ్మదు," అంది అవని.

ఫైల్లో ఆ పిల్ల మొదటి రోజే రాసుకుంది. మోకాలు: కుడి. పరుగు: బయట. ఇన్సూరెన్స్ వాళ్ళు మోకాలికి ఇరవై విజిట్లు ఇచ్చారు. పరుగుని వెతికి పట్టుకురావడం కవరేజీలోకి రాదని ఉత్తరం రాశారు. ఇది పద్దెనిమిదో విజిట్.

అవని దేదీప్యని బల్ల మీద పడుకోబెట్టి, మధ్యలో మేకు ఉండి తిరిగే ప్లాస్టిక్ స్కేలు మోకాలి పక్కన ఆనించింది. కాలు పూర్తిగా చాస్తే సున్నా రావాలి.

"సెవెన్."

"పోయిన వారం కూడా సెవెన్," అంది దేదీప్య.

"యా."

"ఆ ముందు వారం కూడా."

"ఐ నో, దీపూ." అవని మోకాలి వెనక వేళ్ళు పెట్టి చూసింది. "ఆంటీ, ఇటు రండి. చెయ్యి పెట్టండి. తాడు లాగ ఉంది కదా? మోకాలికి ప్రాబ్లమ్ లేదు. కొత్త లిగమెంట్ బాగుంది. ఈ కండ వదలట్లేదు, అంతే. బ్రేక్ మీద కాలు పెట్టింది, తియ్యట్లేదు."

రేణు చెయ్యి తీసేసుకుంది.

"శుక్రవారం సర్జన్ చూస్తారు," అంది అవని. ఇంక నవ్వలేదు. "సున్నా రాకపోతే మళ్ళీ ఆపరేషన్ అంటారు. లోపల గట్టిపడింది క్లీన్ చెయ్యాలి అని. దెన్, మళ్ళీ ఫస్ట్ నుంచి."

"మళ్ళీ ఫస్ట్ నుంచి అంటే నేను చెయ్యను," అంది దేదీప్య. మామూలుగానే అంది. టీ వద్దు అన్నట్టు. "ఇట్స్ ఫైన్. సాకర్ మానేస్తా."

పక్క బల్ల మీద ఒకాయన భుజానికి రబ్బరు పట్టీ కట్టుకుని లాగుతూ ఉన్నాడు. అవనే తేరుకుంది.

"ఓకే, కమాన్. ఇవాళ తెలుగులో కౌంట్ చేద్దాం. నాకు ప్రాక్టీస్. ఒకటి—"

"లాభం," అంది దేదీప్య.

"వాట్?"

"వన్. లాభం."

"ష్యూర్. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు—"

"అదేంటి?"

"ఏంటి ఏంటి? ఏడు. సెవెన్."

"సెవెన్ ఆరున్నొకటి కదా."

అవని కౌంట్ ఆపేసింది. "దీపూ, దట్స్ సిక్స్ ప్లస్ వన్. సెవెన్ అంటే ఏడు. నీకు ఎవరు చెప్పారు?"

ఇద్దరూ రేణు వైపు చూశారు. తెలుగు బడి ఆదివారం ఉండేది. ఆదివారం సాకర్ ఉండేది. కాబట్టి ఆ పిల్లకి వచ్చిన తెలుగంతా రేణు నోట్లోంచి వచ్చిందే.

"ఏడు అంటే..." రేణు మాట కోసం వెతుక్కుంది. "ఏడవమని కూడా అర్థం. అందుకని లెక్కలో అనరు. ఆరున్నొకటి అంటారు."

"ఎవరు అనరు?"

"మేం."

"సో, పదహారేళ్ళు నువ్వు నాకు ఒక నంబర్ ఇవ్వలేదు."

"ఇవ్వకపోవడం కాదే—"

"నేను ఏడుస్తానని." దేదీప్య నవ్వింది. ఆ నవ్వు బాగాలేదు. "దట్స్ సో యూ, అమ్మా."

అవని మధ్యలో పడి మిగతా లెక్క ఇంగ్లిష్‌లో చేయించింది. చివర్లో స్కేలు పెట్టి చూసి, రేణుని పక్కకి పిలిచింది. "ఫన్నీ థింగ్, ఆంటీ. కౌంట్‌లో సిక్స్ దాకా బాగా దిగుతోంది. సెవెన్ దగ్గరికి రాగానే ఊపిరి పట్టేస్తుంది. అక్కడ ఆగిపోతుంది."

"ఆగిపోతుందా," అంది రేణు.

"యా. రోజూ అక్కడే."

కారులో ఎర్ర లైట్ దగ్గర దేదీప్యే అడిగింది.

"క్రై అన్నా ఏడు, సెవెన్ అన్నా ఏడు. సేమ్ వర్డ్?"

"సేమ్."

"వియర్డ్ లాంగ్వేజ్."

లైట్ పచ్చగా మారింది. వెనక కారతను హారన్ కొట్టేదాకా రేణు కదల్లేదు.

*

ఆ సాయంత్రం శ్యామ్ తన పద్ధతిలో ప్రయత్నించాడు. పెరట్లో నిలబడి, కోడిని పట్టేవాడిలా చేతులు చాపి వంగాడు. మంచు మీద అడుగులు ఒకదాని ముందు ఒకటి పడుతూ నేరుగా ఆయన మీదికొచ్చాయి. చివరి నిమిషంలో ఎడమకి వంగినట్టు వంగి కుడి నుంచి పోయాయి. ఆయన వెల్లకిలా పడ్డాడు.

"మన బిడ్డదే," అన్నాడు మంచులోంచి. "డౌట్ లేదు."

కిటికీ లోపలినుంచి దేదీప్య అంతా చూసింది. నవ్వలేదు. బ్లైండ్స్ దించేసింది.

రేణు పాత సాకర్ బూట్లు తెచ్చి గుమ్మం ముందు పెట్టింది. గరాజ్ తలుపు జానెడు ఎత్తి ఉంచింది. తెల్లారి చూస్తే రకూన్ వచ్చి చెత్తబుట్ట పడేసి పోయింది. బూట్ల దగ్గరికి ఏదీ రాలేదు.

ఎంత చేసినా ఇంతే. తిట్టడానికి మనిషి దొరికితే బాగుండుననిపించింది ఆమెకి. డాక్టర్ మంచివాడు. అవని మంచిది. గోల్‌కీపర్ పిల్ల పూలు కూడా పంపింది. తిరిగి తిరిగి మిగిలేది ఒక్కతే.

బుధవారం పొద్దున్నే వర్షం మొదలైంది. చెప్పినట్టే నలభై ఎనిమిది. మధ్యాహ్నానికి పెరడంతా మచ్చలు మచ్చలుగా గడ్డి తేలింది. రేణు ఇంటి నుంచే చేసే టెస్టింగ్ ఉద్యోగంలో మీటింగ్ నడుస్తోంది. ఆమె స్క్రీన్ వైపు చూడ్డం మానేసి కిటికీలోంచి చూస్తోంది. అడుగులు ఒక్కొక్కటే నీళ్ళయిపోతున్నాయి.

ముందు వైపు ఏదో చప్పుడైతే వెళ్ళి చూసింది. కొవాల్స్కీ గారు రెయిన్‌కోట్ వేసుకుని, చంక నిండా ప్లాస్టిక్ బకెట్లతో వంగి నడుస్తున్నాడు. మిగిలిన అడుగుల మీద ఒక్కొక్క బకెట్ బోర్లిస్తున్నాడు. తన పూల మొక్కల దగ్గర మొదలుపెట్టి, లాన్ మీదుగా, మెయిల్‌బాక్స్ పక్కనుంచి, వీళ్ళ గుమ్మం దాకా. బకెట్లు చాలక ఒకచోట పెద్ద సూపు గిన్నె పెట్టాడు.

రేణు తలుపు తీసింది.

"రేపటిదాకా ఉండవు," అన్నాడాయన. "ఇవాళ రావాలి."

*

దేదీప్య అయిదింటికి వచ్చింది. స్నేహితురాలి తల్లి దింపి వెళ్ళింది. బకెట్లని చూసింది. ఏంటని అడగలేదు. బ్యాగ్ పడేసి, చెప్పించుకోకుండానే మ్యాట్ మీద పడుకుంది. రేణు టవల్ చుట్ట పెట్టింది.

"లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరు—"

"ఐ కాంట్!" దేదీప్య టవల్ లాగి విసిరింది. అది టీవీకి తగిలి కింద పడింది. "అది దిగదు. నీకు కనపడట్లేదా? దిగదు!"

రేణు లేచి వెళ్ళి టవల్ తెచ్చింది. "మళ్ళీ పెట్టు."

"నువ్వు ఎప్పుడూ అంతే. పడుకో. పెట్టు. వదులు. ఒక్కొక్క వర్డ్. అక్కడ కూడా ఒక్క వర్డే."

రేణు చేతిలో టవల్ అలాగే ఉండిపోయింది.

"అందరూ గో అంటున్నారు. కోచ్ గో అన్నాడు. డాడీ గో అన్నాడు. నువ్వు ఆగు అన్నావ్. నేను నీ మాట విన్నా. పిల్లలు మాట వినరు, పిల్లలు మాట వినరు అని మీ ఫ్రెండ్స్ అందరూ అంటారు కదా. నేను విన్నా, అమ్మా."

బయట చూరు నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి.

"అవును," అంది రేణు. "నేనే అన్నాను."

దేదీప్య నోరు తెరిచి మూసింది. కాదంటుందనుకుంది కాబోలు.

"గుద్దుకుంటారనుకున్నాను. భయమేసింది. నా నోట్లో ఇంకో మాట లేదు."

"నాలుగు నెలలు. ఒక్కసారి కూడా చెప్పలేదు."

"చెప్పలేదు."

"నాకు మాత్రమే తెలుసు అనుకున్నా. నేను చెప్తే నువ్వు ఏడుస్తావ్ అని చెప్పలా."

రేణు టవల్ పక్కన పెట్టింది. మ్యాట్ చివర కాళ్ళు మడుచుకుని కూర్చుంది. దేదీప్య మడమ తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఒక చెయ్యి మోకాలి వెనక పెట్టింది. తాడు అక్కడే ఉంది.

"లాభం," అంది. "రెండు. మూడు. నాలుగు. అయిదు." మోకాలు కొంచెం కొంచెం దిగుతోంది. "ఆరు."

ఆగింది. ఊపిరి ఆగడం, కండ బిగియడం రెండూ వేళ్ళకి తెలిశాయి. ఆరున్నొకటి రేణు పెదవుల దాకా వచ్చింది. నలభై ఆరేళ్ళ అలవాటు. దాన్ని మింగింది.

"ఏడు," అంది.

దేదీప్య తల ఎత్తి చూసింది.

"ఏడు, తల్లీ."

ముందు కింది పెదవి వంకర పోయింది. నాలుగేళ్ళప్పుడు సైకిల్ మీంచి పడ్డ రోజున అలాగే పోయింది. తర్వాత గొంతు వచ్చింది. అంబులెన్స్‌ది, ఆపరేషన్‌ది, తార వేసుకున్న జెర్సీది, అంతా వరసగా వచ్చింది. అంత పెద్ద పిల్ల అంత గట్టిగా ఏడుస్తుంటే ఇల్లు చిన్నదైపోయింది. రేణు ఊరుకోమనలేదు. మోకాలి వెనక తాడు ఒక్కొక్క పురే విడిపోతోంది. ఒళ్ళో మడమ బరువెక్కుతోంది. మోకాలు దిగి, దిగి, పడక మీద దుప్పటిలా చదునుగా పరుచుకుంది.

అప్పుడే శ్యామ్ ముందు తలుపు తీశాడు. గుమ్మంలో నిలబడి గొడుగు విదిలిస్తూ, "ఏందిది, బకెట్లేంది—" అని మొదలుపెట్టి, ఏడుపు విని ఆపేశాడు. వెనక ఏదో తగిలినట్టు పక్కకి జరిగాడు, వచ్చేవాళ్ళకి దారిచ్చినట్టు.

"రా, బిడ్డా," అన్నాడు. "బూట్లు విప్పి—"

"వద్దు," అంది రేణు. "అలాగే రానివ్వండి."

లేత గోధుమరంగు కార్పెట్ మీద తడి మట్టి అడుగు ఒకటి పడింది. దాని ముందు ఇంకొకటి. ఇంట్లోకి వచ్చాక అంగ చిన్నదైంది. సోఫా పక్కనుంచి తిరిగి, మ్యాట్ దగ్గరికి వచ్చి, చివరి అడుగు దేదీప్య పాదం పక్కన పడి, అక్కడితో అయిపోయింది.

దేదీప్య రెండు చేతులతో మోకాలు పట్టుకుంది. వెక్కుతూనే, "చల్లగా ఉంది," అంది.

*

శుక్రవారం సర్జన్ స్కేలు పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. సున్నా. ఆపరేషన్ మాట ఎత్తలేదు.

"ఏం చేశారు?"

"కౌంట్ చేశాం," అంది దేదీప్య.

కొవాల్స్కీ గారు బకెట్లన్నీ తీసేశాడు. ఒక్కటి మాత్రం తన లాన్ మధ్యలో బోర్లించే ఉంచాడు. గడ్డి కోయడానికి అడ్డం కదా అని శ్యామ్ అడిగితే, ఒహాయో నుంచి ఎవరైనా రావచ్చు అన్నాడు.

ఆ తర్వాత కూడా సుఖపడిందేమీ లేదు. పరుగు వచ్చింది కదా అని వదిలేస్తే కొత్త లిగమెంట్ తెగుతుందని అవని కచ్చితంగా చెప్పింది. తొడ కండ రెండో కాలితో సమానమయ్యే దాకా దాన్ని లోపలే ఉంచాలి. మార్చి, ఏప్రిల్, మే. మెట్టు ఎక్కి దిగడం, ఒంటికాలి మీద కూర్చుని లేవడం, గెంతి నిలబడడం. లోపల పరుగు తన్నుకుంటూనే ఉంది, డిన్నర్ టేబుల్ కింద ఆ పిల్ల కాలు ఊరికే ఉండదు. తల్లీకూతుళ్ళు రోజూ పోట్లాడుకున్నారు. ఇప్పుడు బయటికే పోట్లాడుకున్నారు. లెక్క మాత్రం తప్పలేదు. ఏడు దగ్గర కొన్నాళ్ళు ఏడుపొచ్చేది. కొన్నాళ్ళకి నవ్వొచ్చేది.

జూలైలో అవని సరే అంది.

సాయంత్రం. ఎండ ఇంకా దిగలేదు. టీమ్ పిల్లలు ఆరుగురు వచ్చి వీళ్ళ డ్రైవ్‌వేలో నిలబడ్డారు. దేదీప్యతో ఏడుగురు. కాలనీ చుట్టూ, చెరువు మీదుగా తిరిగొస్తే మైలున్నర. తార ఆ జెర్సీ ఉతికి, మడత పెట్టి తెచ్చి, ఏమీ అనకుండా దేదీప్య చేతిలో పెట్టింది.

"వెళ్తున్నా, అమ్మా."

రేణు గొంతులోకి మాట వచ్చింది. ఆ మాటే. దాన్ని పళ్ళతో పట్టుకుంది.

"వెళ్ళిరా," అంది.

వాళ్ళు మలుపు తిరిగి కనపడకుండా పోయారు. రేణు నీళ్ళ సీసాలు గట్టు మీద వరసగా పెట్టింది. పక్క లాన్‌లో కొవాల్స్కీ గారు పైపు పట్టుకుని, తడిసిన మొక్కనే తడుపుతున్నాడు. పదిహేను నిమిషాలు. పదహారు.

ముందు తార వచ్చింది.

"లాభం," అంది రేణు పైకే.

ఇంకిద్దరు కలిసి వచ్చారు. రెండు, మూడు. తర్వాత పొట్టి పిల్ల, నడుం పట్టుకుని. నాలుగు. వెనకే ఇంకో పిల్ల. అయిదు. ఆరో పిల్ల వచ్చి గడ్డిలో కూలబడి సీసా అందుకుంది.

మలుపు ఖాళీగా ఉంది. ఎవరిదో స్ప్రింక్లర్ తిరుగుతోంది. కొవాల్స్కీ గారు పైపు కట్టేశాడు. రేణు గట్టు పట్టుకుంది.

ముందు చప్పుడు వచ్చింది. ఎడమ, కుడి, ఎడమ, కుడి. రెండూ ఒక్కలాగే. ఆ తర్వాత మనిషి కనపడింది. తొందరేమీ లేదు, మొహం ఎర్రగా, జెర్సీ తడిసి ఒంటికి అంటుకుని, పరిగెత్తుకుంటూ వస్తోంది.

"ఏడు," అంది రేణు.

చెప్పిన మాట తనే విన్నది.